పర్యావరణ శాస్త్రం: పరీక్షకా? పొలానికా?

జీవావరణ శాస్త్రమనగానేమి? ఈ ప్రశ్నకు రెండు మార్కులు. "జీవులకూ వాటి పరిసరాలకూ గల పరస్పర సంబంధాలను అధ్యయనం చేయు శాస్త్రమే జీవావరణ శాస్త్రము, ఈ పదమును 1866లో ఎర్నెస్ట్ హెకెల్ ప్రవేశపెట్టెను" అని రాస్తే రెండుకు రెండూ పడతాయి. గ్రీకు భాషలో 'ఓయికోస్' అంటే ఇల్లు అని ఒక ముక్క చేరిస్తే పేపరు దిద్దే సారు సంతోషిస్తారు కూడా. ఆ ఇల్లు ఎవరిది, అందులో ఎవరుంటున్నారు, పొయ్యి వెలుగుతున్నదా లేదా అని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే అది సిలబస్‌లో లేదంటారు.

నేను బి.ఎస్సీ. విద్యార్థిని. 2022లో రెండుగా చీలిన పాత అనంతపురం జిల్లాలో ఒక రైతు కుటుంబం మాది. మాకున్నది ఆరెకరాల ఎర్రనేల, ఎండిన బోరు ఒకటి, ఎండబోయే బోరు ఒకటి. ఈ సావనీరులో ప్రేమ మీద కవితలూ రాజకీయాల మీద వ్యాసాలూ మిత్రులు చాలామంది రాస్తున్నారు, వాటికి కొదవలేదు. నేను సిలబస్ గురించి రాస్తాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను. వర్షచ్ఛాయ, పరిమిత కారకం, ఆహార జాలకం, పరీవాహక ప్రాంతం అని మనం బట్టీ పట్టే మాటలు చిన్నవి కావు. మా వైపు రైతు అప్పు తీరేదీ తీరనిదీ వీటి మీదే ఆధారపడి ఉంది. అలాంటి వాటిని పరీక్ష హాల్లో కక్కేసి బయటికొచ్చే బిట్లుగా మార్చుకున్నాం. ఇది శాస్త్రానికీ అన్యాయం, మనల్ని చదివించే ఇళ్ళకూ అన్యాయం.

మొదట వర్షచ్ఛాయ సంగతి చూడండి. "పర్వతాలకు గాలి చాటు వైపున ఉండి తక్కువ వర్షము పొందు ప్రాంతము. ఉదాహరణ: దక్కన్ పీఠభూమి." ఇంతవరకు అందరం రాస్తాం. కానీ కొండ అడ్డొస్తే వాన ఎందుకు పడాలి? మా హాస్టల్లో ఈ ప్రశ్న వేస్తే చాలామంది మేఘాలు కొండకు తగిలి కురుస్తాయన్నారు. మేఘం ఏమైనా నీళ్ళ బిందెనా, గోడకు తగిలి పగలడానికి?

అరేబియా సముద్రం మీంచి వచ్చే గాలి పడమటి కనుమలను ఎక్కాలి. పైకి పోయేకొద్దీ పీడనం తగ్గుతుంది, గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచించినప్పుడు చల్లబడుతుంది. తేమ ఆవిరిగానే ఉన్నంతసేపు కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. ఒక ఎత్తుకు పోయేసరికి ఆ ఆవిరి నీటిబొట్లుగా మారడం మొదలుపెడుతుంది. అప్పుడు గుప్తోష్ణం బయటపడుతుంది కనుక చల్లబడే వేగం ఇంచుమించు సగానికి దిగుతుంది. ఆ వైపునే కర్ణాటకలోని ఆగుంబేలో ఏటా ఏడువేల మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. నీళ్ళన్నీ అక్కడ దించేసుకున్న గాలి తూర్పు వాలున దిగేటప్పుడు మళ్ళీ కిలోమీటరుకు 10 డిగ్రీల చొప్పునే వేడెక్కుతుంది. అంటే ఎక్కేటప్పుడు తక్కువ చల్లబడి, దిగేటప్పుడు ఎక్కువ వేడెక్కిన గాలి అది. ఆషాఢంలో మా ఊళ్ళో పైపంచె నిలవనీయకుండా కొట్టే గాలి ఆ జాతిదే. రామగిరి కొండల మీద గాలిమరలు తిప్పుతుంది, మా చేన్ల మీద చినుకు రాల్చదు. ఫిజిక్సు వాళ్ళు థర్మోడైనమిక్స్ అని, జాగ్రఫీ వాళ్ళు వర్షచ్ఛాయ అని వేరువేరు నోట్సుల్లో రాసుకునేది ఒక్కదాన్నే. ఇక బంగాళాఖాతం వైపు నుంచి వచ్చే ఈశాన్య ఋతుపవనాలు కోస్తాను తడిపి మా దాకా వచ్చేసరికి అలిసిపోతాయి. రెండింటికీ చివరి బంతిలో కూర్చున్నవాళ్ళం మేము. వడ్డన మా దగ్గరికి వచ్చేటప్పటికి గంగాళం అడుగంటుతుంది.

మా జిల్లా సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఎండకూ గాలికీ ఇక్కడ ఆవిరి కాగల నీళ్ళు దానికి సుమారు మూడు రెట్లు. సగటు అనే మాట కూడా పరీక్షల కోసం పుట్టిందే అనిపిస్తుంది నాకు. 2022 అక్టోబరులో అనంతపురం నగరంలో నడిమివంక పొంగి కాలనీలు నీట మునిగాయి. కరువు జిల్లాలో వరదేమిటని పేపర్లు చదివి ఆశ్చర్యపోయినవాళ్ళున్నారు. ఏడాది వానలో పెద్ద భాగం నాలుగైదు రోజుల్లోనే కురవవచ్చుననీ, వంక పారే దారిని వంకకు వదలాలనీ మన పుస్తకంలో ఒక్క ప్రశ్న ఉంటే ఆ ఆశ్చర్యం కొంత తగ్గేది.

పరిమిత కారకం అనే భావనకు లీబిగ్ పేరు చెప్తాం. అవసరమైన వాటిలో ఏది అన్నిటికన్నా కొరతగా ఉందో అదే పెరుగుదలను నిర్ణయిస్తుంది అని రాస్తాం. మా అవ్వ లీబిగ్‌ను చదవలేదు కానీ "ఊడ దిగే పొద్దుకు వాన రాకుంటే తర్వాత వరదొచ్చినా ఏం లాభం?" అంటుంది. శెనక్కాయ నూరు, నూటపది రోజుల పంట. పూత పూసి ఊడలు మట్టిలోకి దిగే రోజుల్లో పైమట్టి మెత్తగా, తడిగా ఉండాలి. అప్పుడు బెట్ట పెడితే మట్టి పెళుసెక్కి ఊడ దిగదు. తర్వాత ఎంత కురిసినా చేను పచ్చగా కనిపిస్తుంది, పీకి చూస్తే కింద బుడ్డలుండవు. దారిన పోయే ఆఫీసరుకు కనిపించేది పచ్చదనమే. కాబట్టి మా పరిమిత కారకం 'నీరు' అని రాస్తే నా లెక్కలో సగం మార్కే. ఏ పదిహేను రోజుల నీరు అని కూడా రాయాలి.

ఇక ఆహార జాలకం దగ్గరికి వస్తాను. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మన గైడుల్లో గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని ఒక గొలుసు ఉంటుంది. తరతరాలుగా ఆ గద్దే అక్కడ వాలుతోంది. నేను పుట్టకముందు, 2000 ఖరీఫ్‌లో మా జిల్లాలో శెనక్కాయ చేన్లు చిగురు నుంచి కిందికి మాడిపోయాయి. మా నాయన ఇప్పటికీ దాన్ని 'తెగులొచ్చిన సంవత్సరం' అంటాడు. మొదట అదివరకు ఉన్న మొవ్వుకుళ్ళు తెగులే కాబోలు అనుకున్నారు. శాస్త్రజ్ఞులు పరిశోధించి చూస్తే అది పొగాకు స్ట్రీక్ వైరస్ అని తేలింది. ఇప్పుడు దాన్ని కాండం కుళ్ళు వైరస్ తెగులు అంటున్నాం. సుమారు 2.25 లక్షల హెక్టార్లు దెబ్బతిన్నాయి, 300 కోట్ల రూపాయలకు మించి నష్టం వచ్చిందని లెక్క.

ఆ వైరస్ ఎక్కడి నుంచి వచ్చింది? గట్ల మీద, బీళ్ళలో, మన కాలేజీ సైకిల్ షెడ్డు వెనక కూడా తెల్లపూలతో నిలబడి ఉండే వయ్యారిభామ నుంచి. అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఈ మొక్క 1950ల మధ్యలో పుణేలో కంటబడి, తర్వాత దేశమంతా పాకింది. ఈ మొక్కలో వైరస్ ఉంటుంది గానీ మొక్కకు జబ్బు చేసినట్టు కనిపించదు. దాని పుప్పొడిలో కూడా వైరస్ ఉంటుంది. కంటికి ఆనీ ఆనని తామర పురుగులు ఆ పూలలో దూరి, ఒంటికి పుప్పొడి అంటించుకుని, గాలికి కొట్టుకొచ్చి లేత శెనక్కాయ ఆకుల మీద వాలతాయి. ఆకును గీరి తినేటప్పుడు పడిన గాయం గుండా పుప్పొడిలోని వైరస్ మొక్క లోపలికి పోతుంది. చుట్టూ కనుచూపు మేర ఒకే పంట. దానికి అడ్డేముంది? తర్వాత శాస్త్రజ్ఞులు రైతులకు చెప్పిన ఉపాయాలు రెండు: వయ్యారిభామను పూత రాకముందే పీకెయ్యడం, చేను చుట్టూ జొన్నో సజ్జో కొన్ని వరుసలు దట్టంగా వేయడం. ఎత్తుగా పెరిగిన జొన్న, గాలిలో వచ్చే పురుగును అడ్డుకుంటుంది. శెనక్కాయ ధర బాగుందని మేము వదిలిపెట్టిన జొన్న, సజ్జలే మళ్ళీ కాపలాకు రావాల్సి వచ్చింది.

ఈ ఒక్క ఉదంతంలో బయటి జాతి దండయాత్ర, అతిథేయి, వాహకం, ఏకపంట బలహీనత, గాలి దిశ అన్నీ ఉన్నాయి. ఒక యూనిట్ మొత్తం దీంతోనే చెప్పవచ్చు. గడ్డి-మిడత-కప్ప దగ్గర ఆగిపోయిన విద్యార్థి సెలవులకు ఇంటికెళ్ళి గట్టు మీది వయ్యారిభామను చూసి పక్కకు తప్పుకుని నడుస్తాడు. దాన్ని పీకాలని అతనికి తోచదు.

ఇప్పుడు మా బోరు సంగతి. పోయిన వేసవి సెలవుల్లో మా నాయన నన్నడిగాడు: "ఏంరా, కాలేజీలో సైన్సు సదువుతాండావు గదా, మూడో బోరు యాడ ఏస్తే నీళ్ళు పడతాయో సెప్పు." రెండో బోరు వేసింది కొబ్బరికాయ చెప్పిన చోట. అరచేతిలో పడుకోబెట్టిన కాయ లేచి నిలబడితే కింద నీళ్ళున్నట్టు. కాయ నిలబడింది, చూసినాయన ఫీజు తీసుకున్నాడు, నీళ్ళు మూడేళ్ళు వచ్చాయి.

నేను కాయితం తీసుకుని లెక్క వేశాను. ఎకరం అంటే 4047 చదరపు మీటర్లు. దాని మీద 550 మిల్లీమీటర్ల వాన కురిస్తే సుమారు 22 లక్షల లీటర్లు. మా కింద ఉన్నది గ్రానైటు జాతి గట్టిరాయి. ఇలాంటి చోట వానలో భూమిలోకి దిగి నిలిచేది సుమారు పదోవంతు. అంటే ఎకరానికి 2.2 లక్షల లీటర్లు, మా ఆరెకరాలకు కలిపి 13 లక్షలు. రబీలో ఎకరం వరికి 1200 మిల్లీమీటర్ల లెక్కన నీరు కడితే 48 లక్షల లీటర్లు కావాలి. అందులో సగం తిరిగి భూమిలోకే ఇంకుతుందని ఉదారంగా అనుకున్నా, ఎకరం వరి పదకొండు ఎకరాల వానను తాగేస్తుంది. మూడో బోరు ఎక్కడ వేసినా అది కొత్త నీళ్ళు పుట్టించదు. ఉన్న కుండలో ఇంకో పుల్ల పెట్టి పీల్చినట్టే. ఇంకా లోతుకు పోతే రాతి పగుళ్ళలో ఏనాటివో నీళ్ళు దొరకవచ్చు, కానీ ఆ పగులు పక్కింటి వాళ్ళ బోరుకు కూడా పోతుంది. భరించే శక్తి అనే భావనను జింకల సంఖ్యకు గ్రాఫు గీసి చెప్తారు కదా, మా పొలానికి గీస్తే ఇలా ఉంటుంది. మా నాయన లెక్కంతా విని, "అయితే వరి మానాల్నంటావా?" అన్నాడు. అవునన్నాను. ఇంకా తేలలేదు, ఇంట్లో మాటలు నడుస్తూనే ఉన్నాయి.

ఈ లెక్క నేను కనిపెట్టింది కాదు. 2000ల దశకంలో అనంతపురం, మహబూబ్‌నగర్, నల్లగొండ, ప్రకాశం వంటి కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలను చూసుకునే ఒక ప్రాజెక్టు నడిచింది. ఊరి రైతులే వానమాపకంలో వానను కొలిచారు, బావుల్లో నీటిమట్టాన్ని నోటు పుస్తకంలో ఎక్కించారు. రబీకి ముందు అందరూ కూర్చుని ఎన్ని నీళ్ళున్నాయి, ఏ పంటకు ఎన్ని కావాలి అని నీటి బడ్జెట్టు వేసుకున్నారు. వాళ్ళలో బడికి సరిగా పోని ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఉన్నారు. 'జలచక్రమును పటము సహాయమున వివరింపుము' అన్న ఎనిమిది మార్కుల ప్రశ్నకు వాళ్ళ నోటు పుస్తకం కన్నా మంచి జవాబు నాకు కనిపించలేదు.

కొంచెం వెనక్కి పోతే, రాతి మీద చెక్కిన పాఠం ఒకటి ఉంది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువు శాసనం, 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని అందులో ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు చెప్పి, ఆరు దోషాలు కూడా చెప్తుంది. కట్ట నుంచి నీరు ఊరడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం, చెరువు నడుమ మిట్ట, నీరు తక్కువై నేల ఎక్కువ కావడం, నేల తక్కువై నీరు ఎక్కువ కావడం. ఇందులో మృత్తికా శాస్త్రముంది, భూస్వరూప శాస్త్రముంది, పరీవాహక ప్రాంతానికీ చెరువుకూ మధ్య ఉండాల్సిన పొందిక ఉంది. మూడో దోషంలో రాజనీతి కూడా ఉంది. పక్క రాష్ట్రాలతో నీళ్ళ పంచాయితీలు ఎరిగిన మనకు అది వేరే చెప్పనక్కర్లేదు. పరీవాహక ప్రాంతానికి నిర్వచనం రాయమనే బదులు, మీ ఊరి చెరువుకు ఈ ఆరు దోషాల్లో ఏవి ఉన్నాయో పరిశీలించి రాయండి అని అడిగితే ఎలా ఉంటుంది? గైడు వేసేవాడికి ఒక్కో ఊరికి ఒక్కో గైడు అచ్చువేయడం ఎటూ కుదరదు.

ఇంత చెప్పాను కదా అని, పల్లెటూరి జ్ఞానమంతా శాస్త్రమే, పుస్తకాలు దండగ అనే మిత్రులతో నన్ను కలిపెయ్యకండి. వాళ్ళతో కూడా నాకు పేచీ ఉంది. కొబ్బరికాయ కథ చెప్పనే చెప్పాను. కార్తెల లెక్క నిజంగా గొప్పది. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో చూసి ఏడాదిని ఇరవై ఏడు భాగాలు చేసి, ఏ భాగంలో ఏ విత్తనం వేయాలో తరాల అనుభవంతో నిర్ణయించారు. కానీ భూమి అక్షం మెల్లగా తిరుగుతుంది కనుక నక్షత్రాలకూ ఋతువులకూ మధ్య సుమారు 72 ఏళ్ళకు ఒక రోజు తేడా పడుతుంది. వెయ్యేళ్ళకు ఒక కార్తె జరిగినట్టే. ఈ సంగతి అవ్వకు తెలియదు, చెప్పాల్సింది మనం. పొలం నుంచి పుస్తకంలోకి, పుస్తకం నుంచి పొలంలోకి రెండు వైపులా రాకపోకలుండాలి. ఇప్పుడు రెండు వైపులా తలుపు మూసి ఉంది.

మా లెక్చరరు గారితో ఈ మాటలంటే ఆయన నవ్వి, "వందల పేపర్లు పది రోజుల్లో దిద్దాలయ్యా, ఒక్కొక్కడు ఒక్కో ఊరి కథ రాస్తే మార్కులు ఎలా వెయ్యను?" అన్నారు. అబద్ధం కాదు. లెక్చరర్లను తిట్టడం నా ఉద్దేశం కాదు, ఖాళీ పోస్టుల మధ్య వాళ్ళు పడుతున్న పాట్లు మనం చూస్తూనే ఉన్నాం. గ్రూప్స్‌కు చదువుతున్న సీనియర్లు ఇంకోమాట అంటారు: "తమ్ముడూ, అక్కడ బిట్లే అడుగుతారు, నీ వంకలూ చెరువులూ అక్కడ పనికిరావు." అదీ నిజమే. అయితే రేపు ఆ బిట్లు కొట్టి ఎమ్మార్వో అయ్యేదీ, బోరుకు పర్మిషన్ ఇచ్చేదీ, వంక మీద లేఅవుటుకు సంతకం పెట్టేదీ ఆ సీనియర్లే కదా! 1991లో ఎం.సి.మెహతా కేసులో సుప్రీం కోర్టు పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చేయమన్నది. డిగ్రీ చదివే అందరికీ ఈ సబ్జెక్టు వచ్చింది ఆ తీర్పు వల్లనే. అంత పెద్ద కోర్టు చెప్పి పెట్టించిన సబ్జెక్టును పరీక్షకు ముందు రాత్రి ఫోనులో పీడీఎఫ్ తెరిచి, ఇంపార్టెంట్లు చూసుకుని పూర్తిచేస్తున్నాం.

సిలబస్ మార్చడం మన చేతిలో లేదు. ఇంటర్నల్ మార్కులు కాలేజీ చేతిలో ఉన్నాయి. ఇంటర్నెట్లో దించిన ప్రాజెక్టులకు స్పైరల్ బైండింగ్ చేయించి ఇచ్చే బదులు, ప్రతి విద్యార్థీ తన ఊరి వంక ఎక్కడ పుట్టి ఏ చెరువులో కలుస్తుందో, మరవ పారి ఎన్నేళ్ళయిందో, ఏ బోరు ఎన్ని అడుగులో రెండు పేజీలు రాసి తేవచ్చు. బస్తీ వాళ్ళు తమ వీధి మురుగుకాలువ ఎటు పోతుందో రాయవచ్చు, అదీ పరీవాహక ప్రాంతమే. సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు చేయగల పని ఇది.

యూనియన్‌కు కూడా ఒక మాట. ఈసారి వార్షికోత్సవంలో లైటింగుకు పెట్టే ఖర్చులో చిన్న ముక్క మిగిల్చి సైన్సు బ్లాకు ముందు ఖాళీ జాగాలో ఒక వానమాపకం పెట్టించండి. చెట్లకూ గోడలకూ దూరంగా ఉంటే చాలు. వాతావరణ శాఖ వాళ్ళు వానను కొలిచేది పొద్దున ఎనిమిదిన్నరకు. మనకు మొదటి పీరియడ్ అప్పటికింకా మొదలు కాదు. వంతులు వేసుకుని రోజుకొకరు కొలిచి నోటీసు బోర్డు మీద రాయవచ్చు, మొదటి నెల వంతు నేను తీసుకుంటాను. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో ప్రవేశిస్తుంది. అప్పటికి బిగించగలిగితే ఈ ఏడు తొలకరి నుంచే లెక్క దొరుకుతుంది.